పెళ్లి వీడియో రెండర్‌కి రాత్రంతా పడుతాంది, అయినా మసగ్గా వస్తాంది: సిస్టం మార్చాలా?

కదిరి దగ్గర కొత్తగా స్టూడియో పెట్టి, మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) కూడా బయట ల్యాబ్‌కి ఇయ్యకుండా సొంతంగా చేసుకుంటున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తర్వాత చదివేవాళ్ల కోసం మళ్లీ చెప్తా. పెళ్లికి రెండు కెమెరాలు, ఒకటి పాత వీడియో కెమెరా, ఎంటీఎస్ ఫైల్స్ ఇస్తాది, ఇంకోటి కొత్త మిర్రర్‌లెస్, 4కె హెచ్.265. మధ్యలో చుట్టాలు ఫోన్లో తీసిన క్లిప్పులు కొన్ని. ఇవన్నీ ముందు ఏదో ఫ్రీ కన్వర్టర్‌లో వేసి ఎంపీ4 చేస్తాడు, వాటిని ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తాడు, అయినాక క్వాలిటీ బాగుంటాదని ఏవీఐకి రెండర్ కొడతాడు (ఎడిట్ చేసిందాన్ని ఒకే వీడియో ఫైల్‌గా తీయడం), ఆ ఏవీఐని మళ్లీ కన్వర్టర్‌లో వేసి పెన్‌డ్రైవ్ కోసం ఎంపీ4 చేస్తాడు. మూడు గంటల వీడియోకి రాత్రంతా పడుతాంది, తలంబ్రాల సీను గళ్లుగళ్లుగా పగిలిపోతాంది, పార్టీ వాళ్ల, అంటే వీడియో తీయించుకున్నవాళ్ల, టీవీలో ఫైల్ ఆడలేదు. ఐ5 సిస్టం, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. కార్డు కొనాలా, సిస్టమే మార్చాలా, అన్నలు ఎవరన్నా చెప్పండి అని అడిగినాడు.

సూటిగా చెప్తా: ఇప్పుడు ఏమీ కొనొద్దు. ఒకే వీడియోని నువ్వు మూడు సార్లు ఎన్‌కోడ్ చేస్తాండావు, అంటే పిండి కొత్త ఫైల్‌గా రాస్తాండావు, నీ టైమూ క్వాలిటీ రెండూ పోయేది అక్కడే. కెమెరా ఫైల్‌ని నేరుగా ప్రీమియర్ టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే చోటు) మీదికి తీసుకో, చివర్లో ఒక్కసారే హెచ్.264 ఎంపీ4కి రెండర్ కొట్టు, అదే పార్టీకి ఇయ్యి. మధ్యలో ఉండే రెండు కన్వర్షన్లు తీసేస్తే సగం రాత్రి మిగులుతాది, బొమ్మ కూడా తేటగా వస్తాది. ఎందుకో వివరంగా రాస్తా, కర్నూల్లో మిక్సింగ్ ల్యాబ్ నడుపుతాండా కాబట్టి ఈ తంటా వారానికి ఎవరో ఒకరు మోసుకొస్తానే ఉంటారు.

హెచ్.264 గాని హెచ్.265 గాని, ఇవి బొమ్మలో కొంత పారేసి మిగిలింది దాచుకునే పద్ధతులు. కెమెరా తీసేటప్పుడే ఒకసారి పారేస్తాది. నువ్వు కన్వర్టర్‌లో వేసినప్పుడు మిగిలిన దాంట్లోంచి ఇంకొంచెం పోతాది, ఏవీఐ కొట్టినప్పుడు ఇంకొంచెం, చివర ఎంపీ4కి ఇంకొంచెం. పోయింది మళ్లీ రాదు. చివర్లో ఎంత పెద్ద బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) పెట్టినా, మొదట్లో ఆ కన్వర్టర్ తనకు నచ్చిన తక్కువ బిట్‌రేట్‌లో కొట్టేసి ఉంటే, నువ్వు పెద్ద ఫైల్‌లో చెడిపోయిన బొమ్మనే జాగ్రత్తగా దాస్తాండావన్నమాట.

ఇక్కడ అందరూ తికమక పడేది ఒకటుంది. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ, ఎంటీఎస్ అనేవి డబ్బాలు, అంతే. లోపల ఉండే సరుకు హెచ్.264నా, హెచ్.265నా, ఎంపెగ్-2నా అనేది వేరే సంగతి, దాన్ని కోడెక్ అంటారు. మీ పాత కెమెరా ఎంటీఎస్ డబ్బాలో ఉండేది కూడా హెచ్.264నే. దాన్ని ఎంపీ4 చేయాలంటే సరుకు ముట్టుకోకుండా డబ్బా మారిస్తే సరిపోతాది, దీన్ని రీర్యాప్ అంటారు. షట్టర్ ఎన్‌కోడర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో రీర్యాప్ అనే ఆప్షన్ ఉంది, గంట ఫుటేజ్ అయినా హార్డ్ డిస్క్ ఎంత స్పీడుగా కాపీ చేయగలదో అంతలో అయిపోతాది, ప్రాసెసర్‌కి పనే ఉండదు, క్వాలిటీ చుక్క కూడా పోదు. లాస్‌లెస్‌కట్ కూడా ఇదే పని చేస్తాది, కట్ చేసి ముక్కలు చేసుకోవాలంటే అది బాగుంటాది. హ్యాండ్‌బ్రేక్ శానా మంచిదే గాని అది వీడియోని ఎప్పుడూ మళ్లీ ఎన్‌కోడే చేస్తాది, డబ్బా మార్చడానికి దాన్ని వాడొద్దు. ఈ ఫ్రీ టూల్స్‌లో శానా వాటి లోపల పని చేసేది 2000లో ఫాబ్రీస్ బెలార్డ్ అనే ఆయన మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్గే, పైన బటన్లు వేరు అంతే. కాబట్టి 'సూపర్ స్పీడ్ హెచ్‌డీ కన్వర్టర్' అని డబ్బులడిగేవి, క్రాక్ చేసినవి దింపుకోవద్దు, పార్టీ వాళ్ల ఫుటేజ్ ఉండే సిస్టంలో వైరస్ పడితే ఎవరికి చెప్పుకుంటావు.

అసలు ప్రీమియర్‌కి ఎంటీఎస్ నేరుగా ఎక్కుతాది, రీర్యాప్ కూడా అక్కర్లేదు. ఒకటి మాత్రం చూసుకో, మెమరీ కార్డులోంచి ఉత్త ఎంటీఎస్ ఫైల్స్ ఏరుకోవద్దు, ప్రైవేట్ అనే ఫోల్డర్ మొత్తం ఎట్లుందో అట్లే కాపీ చెయ్యి. ఆ కెమెరాలు పొడుగు షాట్‌ని 2 జీబీకో 4 జీబీకో ముక్క చేసి రాస్తాయి, ఫోల్డర్ మొత్తం ఉంటే ప్రీమియర్ మీడియా బ్రౌజర్ నుంచి తీసుకున్నప్పుడు అవన్నీ ఒకే క్లిప్పుగా అతుకుతాయి. విడివిడిగా లాగితే అతుకు దగ్గర సౌండు ఎగిరిపోతాది. అది కూడా సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైములో వస్తాది, మేళం ఒక్క క్షణం ఆగినట్టు వినిపిస్తాది, చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతాది.

ఇంక మిర్రర్‌లెస్ 4కె హెచ్.265 సంగతి. ఇది టైమ్‌లైన్ మీద ఆగి ఆగి నడుస్తాదని నువ్వు ముందే కన్వర్ట్ చేస్తాండావనుకుంటా. దానికి సరైన దారి ప్రాక్సీ, అంటే అసలు ఫైల్‌కి బదులు ఎడిటింగ్‌కి పెట్టుకునే తేలిక కాపీ. ప్రీమియర్‌లోనే క్లిప్పులు సెలెక్ట్ చేసి ప్రాక్సీలు క్రియేట్ చేయమను, 1080పిలో ప్రోరెస్ ప్రాక్సీ అనే ఫార్మాట్ పెట్టు. 25 ఫ్రేములకి అది సుమారు 38 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), అంటే గంటకి 17 జీబీ దాకా వస్తాది, ప్లేస్ చూసుకో. ఎడిటింగ్ అంతా ఈ తేలిక ఫైల్స్ మీద నడుస్తాది, ఎక్స్‌పోర్ట్ కొట్టేటప్పుడు ప్రీమియర్ అసలు 4కె ఫైల్‌నే తీసుకుంటాది. ప్రాక్సీలు నువ్వు పని చేసుకోవడానికి మాత్రమే, ఫైనల్ వీడియోలో వాటి బొమ్మ రాదు, పని అయినాక పారేయొచ్చు.

ఫోన్ క్లిప్పులకి మాత్రం కన్వర్షన్ నిజంగా అవసరం, మొత్తం పనిలో నేను ముందే కన్వర్ట్ చేసేది వీటినొక్కటే. ఎందుకంటే ఫోన్లు ఫ్రేమ్ రేటు నిలకడగా పెట్టవు, వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తాయి, మళ్లీ పెంచుతాయి. పది నిమిషాల క్లిప్పులో చివరికొచ్చేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. హ్యాండ్‌బ్రేక్‌లో వేసి వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టాంట్ ఫ్రేమ్‌రేట్ సెలెక్ట్ చెయ్యి, ఆర్‌ఎఫ్ 16 దాకా కిందికి దించు, ఆర్‌ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతాది. ఇంకో మాట, మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కెమెరాలన్నీ 25 గాని 50 గాని ఫ్రేముల్లో, షట్టర్ 1/50 గాని 1/100 గాని పెట్టి తియ్యి. 30లో తీసిన క్లిప్పు 25 టైమ్‌లైన్‌లో పడితే నడక తడబడినట్టు కనిపిస్తాది. షట్టర్ తప్పితే ఫంక్షన్ హాల్ ట్యూబులైట్ల కింద బొమ్మ మీద చారలు పాకుతాయి, అది ఏ రెండర్‌లోనూ పోదు.

పాత కెమెరా 50ఐలో (ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి తీసే పద్ధతి) తీస్తాదేమో కూడా చూడు. మీడియాఇన్ఫో అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకుని ఫైల్ దాంట్లో లాగితే ఇంటర్‌లేస్డ్ అని ఉందో ప్రోగ్రెసివ్ అని ఉందో చెప్తాది. ఇంటర్‌లేస్డ్ అయితే కదిలే మనిషి చేతుల అంచున అడ్డగీతలు కనిపిస్తాయి. సీక్వెన్స్‌ని ప్రోగ్రెసివ్‌గా పెట్టుకుంటే ప్రీమియర్ డీఇంటర్‌లేస్ చేసుకుంటాది. ఇంటర్‌లేస్డ్ దాన్ని అట్లే కన్వర్టర్‌లో వేసి సైజు తగ్గించినావంటే మాత్రం ఆ గీతలు బొమ్మలోకి ఇంకిపోతాయి, మళ్లీ తీయలేవు. నీ పాత వీడియోల్లో మసక అనిపించేదాంట్లో కొంత ఇదే అయి ఉంటాది, ఒకసారి ఆపి ఫ్రేమ్ ఫ్రేమ్ చూడు.

టైము యాడ పోతాందో ముందు చూడు, తర్వాత డబ్బులు తియ్యి. రెండర్ నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడు. రెండర్ అంటే నాలుగు పనులు: ఫైల్ చదివి విప్పడం, ఎఫెక్టులు వేయడం, మళ్లీ ఎన్‌కోడ్ చేయడం, డిస్కులో రాయడం. వీటిలో ఏది నిదానంగా ఉంటే మిగతావి దాని కోసం కాచుకుని కూర్చుంటాయి. డిస్క్ 100 చూపిస్తా సీపీయూ 40 దగ్గర తిరుగుతాంటే నీ హార్డ్ డిస్కే అడ్డం, ఒకే డిస్కులోంచి చదువుతా దాంట్లోనే రాస్తా ఉంటే అట్లే అయితాది, ఫుటేజ్ ఒక డిస్కులో, అవుట్‌పుట్, క్యాష్ (ప్రీమియర్ తాత్కాలిక ఫైల్స్) ఇంకో ఎస్ఎస్‌డీలో పెట్టు. సీపీయూ 100లో ఉండి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) దగ్గర వీడియో ఎన్‌కోడ్ గ్రాఫు చప్పగా ఉంటే, నీ ప్రాసెసర్‌లో ఉండే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌ని నువ్వు వాడడం లేదని అర్థం.

ఇది ముఖ్యం. ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అని వీడియో కోసమే పెట్టిన సర్క్యూటు 2011 నుంచి వస్తాంది. కార్డు లేకపోయినా అది పని చేస్తాది. ఒకే షరతు, ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉండకూడదు, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ ఉండదు. నీకు కార్డు లేకుండా మానిటర్ నడుస్తాంది కాబట్టి నీది ఎఫ్ కాదు. ప్రీమియర్ ఎక్స్‌పోర్ట్‌లో హెచ్.264 సెలెక్ట్ చేసి ఎన్‌కోడింగ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టు. బిట్‌రేట్ దగ్గర వీబీఆర్ (అవసరాన్ని బట్టి బిట్‌రేట్ మారేది) 1 పాస్ ఉండాల, 2 పాస్ పెడితే అది సాఫ్ట్‌వేర్‌కి మారిపోతాది. ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉండి ఎక్కకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంటెల్ వాళ్ల సైట్ నుంచి కొత్తది వేసుకో. ప్రాజెక్ట్ సెట్టింగ్స్ జనరల్‌లో రెండరర్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉందేమో కూడా చూసుకో, జీపీయూ యాక్సిలరేషన్ కనిపిస్తే దానికి మార్చు.

హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌తో ఒక తకరారు ఉంది, అదే బిట్‌రేట్‌కి నిదానంగా కొట్టే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ అంత శుభ్రంగా రాదు. దానికి మందు బిట్‌రేట్ కొంచెం పెంచడమే. పెన్‌డ్రైవ్‌లో ప్లేస్‌కి కరువు లేదు కదా.

ఇంక నువ్వు బాధపడే తలంబ్రాలు. దీని గురించి కొంచెం సేపు చెప్తా, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకుంటే బిట్‌రేట్ అనేది మొత్తం అర్థమయితాది. ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాయదు. ముందు ఫ్రేములో ఉండే 16 బై 16 పిక్సెళ్ల గడి ఇప్పుడు యాడికి జరిగిందో చూసి, ఇది ఇటు జరిగింది అని రాసుకుంటాది, మిగిలిన తేడా మాత్రం దాస్తాది. అయ్యవారు కూర్చుని మంత్రాలు చదివే గంటసేపు జరిగేది ఏముంది, పెదాలు, చెయ్యి, పొగ, అంతే. 4 ఎంబీపీఎస్ ఇచ్చినా బొమ్మ నిలబడతాది. అదే తలంబ్రాలు మొదలైనాయంటే వేల గింజలు, పసుపు పూసినవి, దాంట్లో ఈ కాలంలో థర్మోకోల్ గుండ్లు, మెరుపు కాగితాలు కూడా కలుపుతాండారు, ఒక్కో గింజ ఒక్కో దిక్కుకి ఎగురుతాది, ముందు ఫ్రేములో ఇది యాడుందని వెతికితే దొరకదు. పైనుంచి ఫ్లాషులు పడుతాంటాయి, ఫ్లాష్ పడిన ఫ్రేము మొత్తం తెల్లగా మారుతాది, అంటే ముందు ఫ్రేము దేనికీ పనికిరాదు. ఆ రెండు నిమిషాలు ఎన్‌కోడర్‌కి బిట్లు శానా కావాల. నువ్వు సీబీఆర్ (బిట్‌రేట్ మారకుండా ఒకేలా ఉండేది) 6 పెట్టి గొంతు పట్టుకుంటే అది ఇంక వివరాలు వదిలేసి గడులు గడులుగా నింపుతాది, నీకు కనిపించే ఆ గళ్లు అవే.

అందుకే 1080పి, 25 ఫ్రేములకి వీబీఆర్, టార్గెట్ 12, మాక్సిమం 24 పెట్టు, హార్డ్‌వేర్‌లో కొడితే టార్గెట్ 16 పెట్టు. మంత్రాల దగ్గర మిగిలిన బిట్లు తలంబ్రాలకి వాడుకుంటాది. సైజు లెక్క నోటితోనే కట్టొచ్చు: ఎంబీపీఎస్‌ని 8తో భాగిస్తే సెకనుకి ఎన్ని ఎంబీలో వస్తాది. 12 అంటే సెకనుకి ఒకటిన్నర ఎంబీ, గంటకి 5.4 జీబీ, నీ మూడు గంటలకి 16 జీబీ పైన. 16 అంటే గంటకి 7.2 జీబీ. ఈ లెక్కలో వీడియో 4కెనా 1080నా, ఎన్ని ఎఫెక్టులున్నాయి అనేది రానే రాదు, ఫైల్ సైజు బిట్‌రేట్ ఇంటూ టైము, అంతే. '4కె నుంచి తగ్గించినా సైజు తగ్గలేదే' అని అడిగేవాళ్లకి ఇదే జవాబు.

ఇంకో పరీక్ష సీను పెళ్లికూతురి చీర. ధర్మవరం పట్టు, పెద్ద అంచు, సన్న జరీ గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. 4కె బొమ్మని 1080కి కుదించేటప్పుడు లెక్క సరిగ్గా చేయకపోతే ఆ జరీ కెమెరా కొంచెం కదిలితే చాలు మిలమిలా మినుకుతాది, లేని చారలు పుట్టుకొస్తాయి. సాఫ్ట్‌వేర్ ఓన్లీలో రెండర్ కొడతాంటే ఎక్స్‌పోర్ట్‌లో మాక్సిమం రెండర్ క్వాలిటీ టిక్ పెట్టు, టైము ఎక్కువ పడుతాది గాని కుదింపు నాణ్యంగా ఉంటాది. జీపీయూ మోడ్‌లో అయితే ఆ కుదింపు ముందే మెరుగ్గా ఉంటాది, టిక్ వల్ల తేడా రాదు. నేత మనిషి రోజుల తరబడి కూర్చుని నేసిన అంచు అది, పెళ్లి వాళ్లు శానా డబ్బు పోసి కొనుంటారు, మన వీడియోలో అది ముద్దగా కనిపిస్తే నాకు మనసొప్పదు.

కాబట్టి మూడు గంటలు కొట్టేముందు ఒక నిమిషం కొట్టు. తలంబ్రాల్లోంచి కొంత, చీర దగ్గరి షాటు కొంత, రాత్రి ఊరేగింపులోంచి కొంత ఇన్, అవుట్ పాయింట్లు పెట్టి ముక్కలు రెండర్ చేసి పెద్ద టీవీలో చూడు. ఊరేగింపు ఎందుకంటే చీకట్లో ఐఎస్‌ఓ పెంచి తీసినప్పుడు బొమ్మ నిండా నాయిస్ ఉంటాది, ప్రతి ఫ్రేములో కొత్త చుక్కలు, వాటిని దాచడానికే బిట్లన్నీ పోతాయి. నాయిస్ తీసే ప్లగిన్లు ఉన్నాయి, బాగా పని చేస్తాయి, కాని రెండర్ టైముని ఎన్నో రెట్లు చేస్తాయి. మొత్తం టైమ్‌లైన్ మీద వేయొద్దు, అవసరమైన క్లిప్పుల మీద మాత్రం వేసి, వాటిని ముందే ప్రోరెస్ 422కి రెండర్ చేసి మళ్లీ టైమ్‌లైన్ మీద పెట్టుకో. మధ్యలో ఎన్‌కోడ్ తప్పనిసరి అయితే ఇట్లాంటి ఫార్మాట్‌కే కొట్టాల, 1080పి 25కి 122 ఎంబీపీఎస్ ఉంటాది, గంటకి 55 జీబీ, కాని కంటికి తెలిసేంత నష్టం ఉండదు. నువ్వు ఏవీఐ కొట్టింది ఈ ఉద్దేశంతోనే, ఉద్దేశం మంచిదే, కాని ఏవీఐ అనేది డబ్బా పేరు, లోపల ఏ కోడెక్ పెట్టినావో అదే లెక్క.

టీవీలో ఆడకపోవడానికి కారణాలు మళ్లీ వేరు. మొదటిది పెన్‌డ్రైవ్ ఫార్మాట్. 32 జీబీ, అంతకన్నా చిన్నవి మామూలుగా ఫ్యాట్32లో వస్తాయి, దాంట్లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. ప్లేస్ ఉన్నా కాపీ కాదు అనే గోల ఇదే. ఎక్స్‌ఫ్యాట్ గాని ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని చేస్తే ఎక్కుతాది, ఈ మధ్య టీవీల్లో శానా వరకు చదువుతాయి, పాత టీవీలు చదవవు. పార్టీ వాళ్ల టీవీ పాతదని తెలిస్తే ఫ్యాట్32లోనే ఉంచి, 8 ఎంబీపీఎస్‌కి గంట గంట ముక్కలు చెయ్యి, గంటకి 3.6 జీబీ వస్తాది, సరిపోతాది. ముక్కలు కూడా సందర్భం చూసి కొట్టు: పెళ్లికూతుర్ని చేసేది, స్నాతకం ఒకటి, ముహూర్తం, తలంబ్రాలు ఒకటి, రిసెప్షన్ ఒకటి. ఇంట్లో ముసలివాళ్లకి కూడా రిమోటుతో వెతుక్కోవడం సులువు.

రెండోది కోడెక్. పార్టీకి ఇచ్చే ఫైల్ ఎప్పుడూ హెచ్.264, 8 బిట్, ప్రొఫైల్ హై, లెవెల్ 4.1, సౌండు ఏఏసీ స్టీరియో 48 కిలోహెర్ట్జ్. 1080పి 50 ఫ్రేములకి అయితే లెవెల్ 4.2 కావాల, అందుకే టీవీ పాతదైతే 25 ఫ్రేములకే ఉంచు. హెచ్.265లో కొడితే సుమారు సగం బిట్‌రేట్‌కే అదే బొమ్మ వస్తాది, నిజమే, 2013లో ఆ స్టాండర్డ్ వచ్చిందే అందుకు. కాని పాత టీవీలో సౌండు వినిపిస్తా బొమ్మ నల్లగా ఉంటాది. ఆదోని పార్టీ ఒకరు ఇట్లే రిసెప్షన్ అయిన వారం తర్వాత చుట్టాలందర్నీ ఇంటికి పిల్చుకుని టీవీ పెడితే నల్ల తెర వచ్చింది, వాళ్ల సొంత మిక్సింగ్ అబ్బాయి హెచ్.265లో 10 బిట్ కొట్టి ఇచ్చినాడు. ఆ ఫైల్ నా దగ్గరికి తెస్తే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ప్రాజెక్ట్ తెప్పించి అసలు ఫుటేజ్ నుంచి హెచ్.264 కొట్టించినా. అందుకే చెప్తాండా, పార్టీ ఫైల్ చూసి ఓకే అనేదాకా ప్రాజెక్ట్, ఫుటేజ్ డిలీట్ చేయొద్దు, మెమరీ కార్డు ఖాళీ చేసేముందు రెండు వేరు వేరు డిస్కుల్లో కాపీ ఉండాల.

వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంటుగా పంపు, 2 జీబీ దాకా పోతాది, వీడియోగా పంపితే అది మళ్లీ పిండేస్తాది. యూట్యూబ్‌కి 1080పి అయితే వాళ్లు చెప్పేది 8 ఎంబీపీఎస్, 4కెకి 35 నుంచి 45. గండికోటలో తీసిన ప్రీవెడ్డింగ్ డ్రోన్ షాట్లు ఉంటే 4కెలోనే ఎక్కించు, ఆ ఎర్ర బండల పగుళ్లు, కింద పెన్నా నీళ్ల అలలు, ఇట్లాంటి సన్న వివరం తక్కువ బిట్‌రేట్‌లో పేస్టులాగా అయిపోతాది.

వేడి సంగతి మన సీమలో ఎవరూ పట్టించుకోరు, బయట ఊర్ల వాళ్లు రాసే సలహాల్లో కూడా ఇది రాదు. ఎండాకాలం మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే, రేకుల గదిలో సిస్టం పెట్టి రెండర్ కొడితే ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోతాది, అప్పుడది కాలిపోకుండా తన స్పీడు తనే తగ్గించుకుంటాది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడు రెండర్ మొదట్లో 4 గిగాహెర్ట్జ్ ఉండి అరగంటకి 2.5 అయిందంటే అదే కారణం. తాడిపత్రిలో ఒక అబ్బాయి సిస్టం చూసినా, షాపు బండల పాలిష్ ఫ్యాక్టరీల దారిలో ఉంది, క్యాబినెట్ విప్పితే హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్ల పొడి గట్టిగా కూరుకుపోయి ఉంది, ఫ్యాన్ తిరుగుతాంది గాని గాలి దూరే సందే లేదు. బ్లోయర్ కొట్టి, థర్మల్ పేస్టు కొత్తది పూసి పెట్టినాక తెల్లారేదాకా నడిచే రెండరు రాత్రి భోజనాల తర్వాత పెడితే నిద్రపోయేముందే అయిపోతాంది అని చెప్పినాడు. కొత్త సిస్టానికి కొటేషన్ కూడా తెచ్చుకుని ఉన్నాడు పాపం.

కరెంటు కూడా. ఎంపీ4 ఫైల్‌లో ఏ ఫ్రేము యాడుందో చెప్పే సూచిక మామూలుగా చివర్లో రాస్తారు. రెండర్ 95 శాతం అయినాక కరెంటు పోతే ఆ సూచిక లేని ఫైల్ మిగులుతాది, 15 జీబీ ఉంటాది గాని ఏ ప్లేయరూ తెరవదు. యూపీఎస్ తప్పనిసరి. అది లేకపోతే మూడు గంటలు ఒకేసారి కొట్టకుండా సందర్భాల వారీగా క్యూలో పెట్టు, పోయినా ఒక ముక్కే పోతాది. హ్యాండ్‌బ్రేక్‌లో అయితే ఎంకేవీకి కొట్టు, మధ్యలో ఆగినా అప్పటిదాకా అయింది మామూలుగా ఆడుతాది, తర్వాత ఎంపీ4కి రీర్యాప్ చేసుకోవచ్చు.

నువ్వు అడగలేదు గాని మిక్సింగ్ షాపు అన్నాక వచ్చి తీరే పని ఇంకోటి, అమ్మానాన్నల పెళ్లి వీసీడీ తెచ్చి హెచ్‌డీ చేయమంటారు. వీసీడీలో ఉండేది 352 బై 288 బొమ్మ, వీడియో బిట్‌రేట్ 1.15 ఎంబీపీఎస్, ఎంపెగ్-1. దాంట్లో లేని ముఖాన్ని ఏ కన్వర్టరూ తేలేదు, ఆ మాట ముందే చెప్పి పని ఒప్పుకో. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డ్యాట్ ఫైల్ ఉంటాది, సీడీ గీతలు పడక ముందే దాన్ని డిస్కులోకి తీసి పెట్టు, అసలు విలువ అక్కడే ఉంది. డీవీడీ అయితే వీఓబీ ఫైల్స్ 1 జీబీ ముక్కలుగా ఉంటాయి, ఒక్కోటి విడిగా కన్వర్ట్ చేస్తే అతుకుల దగ్గర సౌండు తెగుతాది, మేక్‌ఎంకేవీతో మొత్తం ఒకే ఎంకేవీగా తీసి, కావాలంటే అప్పుడు ఒక్కసారి డీఇంటర్‌లేస్ చేసి ఎంపీ4 కొట్టు.

ఇవన్నీ చేసినాక కూడా డబ్బులు పెట్టాలనిపిస్తే వరస ఇది: ముందు ఎస్ఎస్‌డీ లేకుంటే ఎస్ఎస్‌డీ, తర్వాత యూపీఎస్, తర్వాత ర్యామ్ 32 జీబీ, అది కూడా ఒకే స్టిక్ కాకుండా జతగా. కార్డు చివర. కార్డు కొనేముందు నీ మిర్రర్‌లెస్ క్లిప్పు మీడియాఇన్ఫోలో చూడు, క్రోమా (రంగు వివరం) దగ్గర 4:2:2, 10 బిట్ అని ఉంటే ఊరికే ఏదో ఒక కార్డు కొనేయొద్దు. ఆ రకం హెచ్.265ని ఎన్‌విడియా వాళ్ల కార్డులు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ ముందు వరకు హార్డ్‌వేర్‌లో విప్పలేవు, ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చే గ్రాఫిక్స్ విప్పుతాది. అంటే వేలకి వేలు పోసి పాత కార్డు తెచ్చినా టైమ్‌లైన్ ముందులాగే ఆగి ఆగి నడుస్తాది. కెమెరాలోనే 4:2:0కి మార్చుకుని తీస్తే పెళ్లి పనికి ఏ కొరతా ఉండదు.

ఒక పని చెయ్యి. రెండు కెమెరాల నుంచి ఒక్కో క్లిప్పు మీడియాఇన్ఫో, నీ ప్రాసెసర్ పూర్తి నంబరు, హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌లో తలంబ్రాల నిమిషం ముక్క కొట్టేటప్పుడు టాస్క్ మేనేజర్ ఫోటో, ఈ మూడూ కింద పెట్టు. అవి చూస్తే నీకు కార్డు అవసరమో కాదో ఖచ్చితంగా చెప్తా.